విల్ఫ్ కదల్లేదు

బంతి బ్యాటు అంచును రాసుకుంటూ పోయింది. ఆ సంగతి విల్ఫ్ ఆక్‌రాయిడ్ చేతులకు తెలిసింది. వెనక కీపరు బంతి పట్టుకుని గాల్లోకి ఎగిరాడు. స్లిప్పుల్లో ఉన్న ముగ్గురూ, బంతి వేసిన ప్రాథరో కలిసి ఒక్క గొంతుతో అరిచారు.

విల్ఫ్ కదల్లేదు.

అవతలి చివర అంపైరు సిరిల్ గార్‌సైడ్ చెయ్యి తెల్లకోటు జేబులోంచి సగం బయటికొచ్చి ఆగింది. ఆయన విల్ఫ్ ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత తల అడ్డంగా ఊపి, "నాటౌట్" అన్నాడు.

పదహారేళ్ళుగా ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్టే విల్ఫ్‌కి బతుకుతెరువు. ఇన్నేళ్ళలో, బంతి తగిలిందని తనకు తెలిస్తే అంపైరు వేలెత్తేదాకా అతను ఎన్నడూ ఆగలేదు. బ్యాటు చంకన పెట్టుకుని తనంతట తానే నడిచి వెళ్ళిపోయేవాడు. ఆ పేరు కౌంటీలన్నిటా ఉంది. అందుకే ప్రాథరోకి కోపంకన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. ఎదుటి జట్టు కెప్టెన్ అతనే. బంతి తీసుకుని వెనక్కి నడుస్తూ, "ఏం విల్ఫ్, పెవిలియన్‌కి దారి మర్చిపోయావా? చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళమంటావా?" అన్నాడు.

విల్ఫ్ తల వంచుకుని, ఎత్తుపల్లాలేమీ లేనిచోట పిచ్‌ని బ్యాటుతో తట్టాడు. అప్పటికి అతని స్కోరు పందొమ్మిది. వయసు ముప్పై ఎనిమిది. వచ్చే ఏడాదికి అతణ్ణి ఉంచుకోవాలా వద్దా అన్నది క్లబ్బు కమిటీ ఆ సాయంత్రమే తేలుస్తుందని సెక్రటరీ పొద్దున్నే చెవిన వేశాడు. సీజన్‌లో ఇదే ఆఖరి మ్యాచ్. ఈ ఆట తప్ప అతనికి ఇంకో పని చేతకాదు.

ఆ తరువాత బంతి బ్యాటుకు చక్కగా తగలసాగింది. ఫోరు కొట్టినప్పుడల్లా, దుప్పట్లు కప్పుకుని కూర్చున్న ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక్కో పరుగూ ఎవరి జేబులోంచో తీసుకుంటున్నట్టనిపించింది విల్ఫ్‌కి. సిరిల్ ఉన్న వైపుకి పరుగెత్తి వచ్చి ఆయన పక్కన నిలబడాల్సి వచ్చినప్పుడు మరీ కష్టమైంది. పోయిన నెలలో విరిగిన వేలు నొప్పి తగ్గిందా అని ఆయన మెల్లగా అడిగాడు. తగ్గిందన్నాడు విల్ఫ్, ఆయన వంక చూడకుండా.

టీ వేళ, ఆటగాళ్ళకు టీ వడ్డించే మిసెస్ థ్వైట్ అందరికన్నా పెద్ద కేకు ముక్క కోసి అతని పళ్ళెంలో పెట్టింది. నీలాంటి మర్యాదస్తుడు ఒక్కడున్నా చాలు, మా ఆయన టిక్కెట్టు కొన్నందుకు బాధపడడు అంది. ఆ ముక్కని విల్ఫ్ రుమాల్లో చుట్టి, ఎవరూ చూడకుండా బయట పిచ్చుకలకు వేశాడు.

ఆట ముగిసేసరికి అతను ఎనభై ఏడు, నాటౌట్. ఓడిపోవలసిన మ్యాచ్ డ్రా అయింది. మెట్ల దగ్గరే సెక్రటరీ ఎదురొచ్చి, వచ్చే ఏడూ నువ్వు మావాడివేనంటూ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. విల్ఫ్ థాంక్స్ చెప్పి బూట్ల వంక చూసుకున్నాడు.

నడవాలో బెంచీ మీద ప్రాథరో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అతని మోకాలి మీద ఒక కాగితం. మ్యాచ్ అయ్యాక కెప్టెన్లిద్దరూ అంపైర్లకు మార్కులు వేసి లండన్‌లోని క్రికెట్ బోర్డుకి పంపాలి. వచ్చే ఏడాది ఎవరికి పని ఉంటుందో, ఎవరు ఇంటికి పోతారో ఆ మార్కులే చెబుతాయి. ఈ ఏడు సిరిల్ మీద ఇప్పటికే రెండు ఫిర్యాదులు వెళ్ళాయట. ఇది మూడోదైతే ఆయన పని అయిపోయినట్టే అన్నాడు ప్రాథరో.

"నాకైతే చప్పుడు వినిపించింది, విల్ఫ్. కానీ నిలబడింది నువ్వు. ఇంకెవడైనా అయితే అడిగేవాణ్ణి కూడా కాదు. నీ నోటితో చెప్పు, తగిలిందా?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే తన గుండె తేలికవుతుంది. సిరిల్ కూడు పోతుంది.

"తగల్లేదు," అన్నాడు విల్ఫ్.

"అదే కావాలి నాకు. నువ్వు వెళ్ళిపోతే వికెట్టు పడిందని సంబరపడ్డాం ఇన్నేళ్ళూ. నిలబడితే నమ్మకపోతే ఎలా?" ప్రాథరో పదికి తొమ్మిది వేసి, కవరు నాలికతో తడిపి అంటించాడు. మైదానంలో అన్న మాట మనసులో పెట్టుకోవద్దన్నాడు. బీరు ఇప్పిస్తా రమ్మన్నాడు కూడా.

విల్ఫ్ వెళ్ళలేదు. ఒకరోజులో రెండు అబద్ధాలు. రెండోది మంచికే అనుకుందామన్నా, అది మొదటిదాని భుజమ్మీద ఎక్కి కూర్చుంది. కనీసం ఒక్క మనిషికైనా నిజం చెప్పాలి. అంపైర్ల గది తలుపు తట్టాడు.

రెండో అంపైరు రైలు అందుకోవాలని వెళ్ళిపోయాడు. సిరిల్ కోటు మడత పెడుతున్నాడు. విల్ఫ్‌ని చూసి కుర్చీ లాగాడు. ఫ్లాస్కులో మిగిలిన కాస్త టీని రెండు కప్పుల్లోకి సమానంగా వంచాడు. విల్ఫ్ కుర్చీ అంచున కూర్చున్నాడు. నిజం చెప్పేముందు మంచి కబురైనా చెబుదామనుకున్నాడు.

"సిరిల్ గారూ, ప్రాథరో మీకు తొమ్మిది మార్కులు వేశాడు. నేను కళ్ళారా చూశాను."

"మంచివాడు పాపం," అన్నాడు సిరిల్. "కానీ నాకింక వాటితో పని లేదు నాయనా."

"ఆ బంతి గురించే మీకొకటి చెప్పాలి..."

"నేనే నీకు చెప్పాలి, విల్ఫ్," అన్నాడు సిరిల్, కప్పు అతని చేతికిస్తూ. "అది బ్యాటుకు తగిలిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. తీరా చూస్తే నువ్వు కదల్లేదు. లేని చప్పుళ్ళు వినేవాడు అంపైరుగా ఉండకూడదని, ఇందాకే లండన్‌కి ఫోన్ చేసి ఈ పని మానేస్తున్నానని చెప్పేశాను."