ఉప్పునీళ్ల ఎలుకలు

ఆస్ట్రేలియాలో, హోబర్ట్‌లోని ఒక ల్యాబులో ఎలుకలకు మేత వేసేవాణ్ణి నేను. (వాటిది నాకంటే మంచి తిండి, అది వేరే సంగతి.) వైరస్‌లో జన్యువు ఇరికించి క్యాన్సర్ మీదికి ఉసిగొల్పడానికి మా ల్యాబు సైంటిస్టు హెస్టర్ ఇరవై రెండేళ్లు ధారపోసింది.

ఆ ఉదయం బోన్లన్నీ చూసి కళ్లు తుడుచుకుంది. "గెలిచాం క్లైవ్. ఒక్క ఎలుకకూ కణితి లేదు."

"కింది వరస వాటికి కూడానా?"

"అన్నిటికీ."

"పోల్చి చూడటానికని వాటికి నువ్వెక్కించింది ఉత్త ఉప్పునీళ్లే కదమ్మాయ్."

ఆమె నవ్వు ఆగిపోయింది. అంటుకునే గుణం తీసేశాననుకున్న వైరస్, బోను నుంచి బోనుకు తనంతట తానే పాకింది.

"ఈ వారం లోపలికి ఎవరొచ్చారు?"

"నేనొక్కణ్ణే. ఆదివారం మనవరాలి పుట్టినరోజుకు వెళ్లాను, పిల్లలంతా నా మీదెక్కి తొక్కారు. ఏం?"

హెస్టర్ వెళ్లి తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టింది.