పదిమందికే మందు

"పదిమందికే ఉందమ్మా. ముందొచ్చిన వాళ్ళకే" అంది నర్సు జ్ఞానప్రసూనాంబ, బడి వరండాలో తట్టు టీకా మందున్న ఐసు పెట్టె దించుతూ.

అంతే. కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని ఉరికారు. కిందటి నెల ఇదే వరండాలో తను పొద్దుగూకేదాకా కూర్చుంటే ఒక్కరూ తొంగిచూడలేదు. సూది వేస్తే జ్వరమొస్తుందని మొహం చాటేసిన వాళ్ళే ఇప్పుడు ఒకరినొకరు తోసుకుంటున్నారు.

నర్సు కళ్ళు మాత్రం కోటిరత్నం కోసం వెతికాయి. దర్శి వైపు నుంచి కోతలకొచ్చిన మనిషి. పెద్దపిల్లను పోయినేడు తట్టు పొట్టన పెట్టుకుంది. వాళ్ళ ఊళ్ళో మళ్ళీ తట్టు లేచిందట. కోతలయిపోయి కూలీల ముఠా అంతా ఈ మధ్యాహ్నమే రైలెక్కుతోంది. ఆమె పది నెలల పిల్లాణ్ణి సూది పడకుండా ఆ ఊరికి పంపకూడదని నర్సు పట్టుదల.

కోటిరత్నం వచ్చింది. వరసలో పదో మనిషి. హమ్మయ్య అనుకుంది నర్సు.

ఇంతలో రైతు బాపయ్య భార్య సుబ్బరావమ్మ మనవణ్ణెత్తుకుని వచ్చింది. కోటిరత్నం కోతలు కోసింది వాళ్ళ చేలోనే. కామందు ఇంటి మనిషి వెనక నిలబడితే తను ముందుంటుందా? పక్కకు జరిగింది.

"మీరు కానివ్వండమ్మా."

"మరి నీ పిల్లాడో?"

"మళ్ళీ కోతలకొచ్చినప్పుడు వేయిస్తాలెండి."

పిల్లల ఏడుపుల్లో నర్సుకి ఈ మాటలు వినపడలేదు. వంచిన తల ఎత్తకుండా సూదులు వేస్తోంది. పదో సూది వేసి తలెత్తితే ఎదురుగా సుబ్బరావమ్మ.

"కోటిరత్నమేదీ?"

"మా వాడితో పదీ అయిపోయినయ్ గదమ్మా. పాపం, ముఠా ట్రాక్టరెక్కి నల్లపాడు స్టేషన్‌కి పోయింది."

నర్సు రోడ్డు మీదికి పరుగెత్తింది. ట్రాక్టరు ఎప్పుడో మలుపు తిరిగింది. ఎంత పరుగెత్తినా అందేది కాదు. వెనక్కొచ్చి మెట్టు మీద కూలబడి వలవలా ఏడ్చింది.

"ఊరుకోండమ్మా" అంది సుబ్బరావమ్మ జాలిగా. "మందు అయిపోతే మీరు మాత్రం ఏం చేస్తారు?"

నర్సు పక్కనున్న ఐసు పెట్టె మూతను చేత్తో గట్టిగా అదిమిపట్టుకుంది. ఆ పెట్టెలో ఇంకా నలభైమందికి సరిపడా మందు ఉంది.