ఎర్ర సున్నాలో గంగాభవాని

"ఆ ఎర్ర సున్నా చెరిపీసినావంటే ఫొటో ఇవ్వను," అంది గంగాభవాని, ఫ్రేమును ఒళ్ళోకి లాక్కుంటూ.

"చెరపను మామ్మా, ఒట్టు," అంది అనూష నవ్వాపుకుంటూ.

డెబ్బై నాలుగు నాటి రైల్వే సమ్మెకి యాభై ఏళ్ళు నిండాయని, రాయ్‌పూర్ తెలుగు కుర్రకారు ఒక ఫొటో ప్రదర్శన తలపెట్టారు. ఆ పని అనూష నెత్తినేసుకుంది. సమ్మెలో తన తాత జోగయ్యని జైల్లో పెట్టారని ఆమె చెబితే, "ఇక్కడా? అలాంటివేం జరగలేదే!" అన్నారు ఆఫీసులో. ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. రుజువు కోసం ఇల్లిల్లూ తిరిగింది. కథలు కొల్లలుగా దొరికాయి. ఫొటో మాత్రం ఎవరి దగ్గరా లేదు. చివరికి భన్‌పురి పేటలో, గంగాభవాని భర్త ప్రేమ్‌చంద్ టైర్ల కొట్టు వెనక ఇంట్లో, దేవుడి పటాల పక్కన ఇది కనిపించింది.

రైల్వే క్వార్టర్ల ముందు వీధి. చిందరవందరగా గిన్నెలు, పరుపుచుట్ట, కిరసనాయిలు స్టవ్వు. మధ్యలో ఓణీ బిగించిన పడుచు గంగాభవాని, చేతుల్లో ఖాళీ బకెట్టు. ఎదురుగా నిలువెల్లా తడిసిన పోలీసు అధికారి. ఆమె ముఖం చుట్టూ ఎర్రసిరాతో ఒక సున్నా.

"నీళ్ళు పోసేశారా మామ్మా?"

"నీళ్ళా! కళ్ళాపికి కలిపిన పేడనీళ్ళు," అంది గంగాభవాని. అంతలోనే ఆమె గొంతు తగ్గింది. "మా నాన్నని కొట్టుకుంటూ జీపెక్కించీసినారు. మాయమ్మకి జ్వరం. క్వార్టరు ఖాళీ చేయించీసి, మంచంతో పాటే ఎత్తి వీధిలో ఎట్టీసినారు. ఇంక నాకు ఒళ్ళు తెలీలేదమ్మా."

గంగాభవాని అనూష వేలు పట్టుకుని ఫొటో మూలకి జరిపింది.

"ఈ పరుపుచుట్ట మీద కూకుని పకపకా నవ్వుతోందే, ఎవరనుకున్నావు? మీ తాత పెళ్ళాం, శ్రీలక్ష్మి!"

అనూష ఫొటోని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. తను పుట్టకముందే పోయిన నాయనమ్మ. ఇంట్లో ఉన్న ఒక్క పటంలోనూ మూతి బిగించుకునే ఉంటుంది.

"మొగుడు జైల్లో ఉంటే నవ్వుతోందేంటి?"

"ఆ దొర మీసాల్లోంచి పేడ కారతంటే నవ్వదేటి మరి!"

కళ్ళు తుడుచుకుంటూనే అనూష పగలబడి నవ్వింది. టీ గ్లాసులతో వచ్చిన ప్రేమ్‌చంద్ కూడా నవ్వాడు. ఛత్తీస్‌గఢ్ మనిషే అయినా, ఇన్నేళ్ళ కాపురంలో తెలుగు బాగానే పట్టుబడింది.

"ఆరోజు మీరూ అక్కడున్నారా తాతా?"

"వెనకాలే ఉన్నా బేటీ. నవ్వితే మార్ పడుతుందని, దెబ్బలు తప్పవని, పెదవి కరిచి నిలబడ్డా."

"తర్వాత నాను అభన్‌పూర్లో మా పిన్నింట్లో దాక్కున్నాను," అంది గంగాభవాని. "ఈ మహానుభావుడు అక్కడికీ వచ్చీసినాడు."

"వెతుక్కుంటూ?"

"ఈ ఫొటో జేబులో పెట్టుకుని ఊరూరూ తిరిగా," అన్నాడు ప్రేమ్‌చంద్. "తింటున్నా తీసి చూడ్డమే, పడుకున్నా తీసి చూడ్డమే."

"అంత ప్రేమా!"

"డ్యూటీ బేటీ, డ్యూటీ!" అన్నాడాయన. గంగాభవాని చీర చెంగుతో ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది.

"మరి ఉద్యోగం?"

"ఆ హర్తాల్‌లోనే పోయింది. నౌకరీ పోయింది, ఈవిడ దొరికింది. నష్టం ఏం లేదు."

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. అందరూ ఆ ఫొటో ముందే గుమిగూడారు. "ఇది మా వీధే!" అని ఒకాయన కేక పెట్టాడు. "ఆ స్టవ్వు మాదే!" అంది ఒక ముసలమ్మ, తప్పిపోయిన బిడ్డ దొరికినంత సంబరంగా. అనూష ఆఫీసువాళ్ళు కూడా వచ్చారు. ఫొటోలోని ఒక్కొక్క ముఖాన్నీ వంగి చూసి, వెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి నొక్కారు.

సమ్మె యోధుడని ప్రేమ్‌చంద్‌కి శాలువా కప్పబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకొద్దు. నాది కాదది. భవానికి కప్పండి."

ఎంత వినయమో అనుకుంటూ జనం చప్పట్లు కొట్టారు. శాలువా కప్పుకున్న గంగాభవాని చిన్నపిల్లలా గుండ్రంగా తిరిగి అందరికీ చూపించింది.

సందడి సద్దుమణిగాక అనూషకి ఒక సంగతి తట్టింది. ఫొటో కింద తీసినవాళ్ళ పేరు రాయలేదు.

"మామ్మా, ఆ రోజుల్లో మనవాళ్ళెవరికీ కెమెరా లేదన్నారు కదా. మరిది తీసిందెవరు?"

"పోలీసోళ్ళే. ఎవులెవులు ఎదురుతిరిగారో గుర్తెట్టుకోడానికి తీసినారు. ఆ సున్నా కూడా ఆళ్ళు చుట్టిందే."

"పోలీసుల ఫొటో మీ ఇంటికెలా వచ్చింది?"

గంగాభవాని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని మొగుడివైపు చూసి కిసుక్కున నవ్వింది.

"నన్ను పట్టుకోమని ఆళ్ళు పంపిన కానిస్టేబులు ఈయనేనమ్మా!"