పాలపిట్ట ప్యాచ్

"గిది నా మాట గాదు బిడ్డా."

కరపత్రం చదివించుకుని విన్న బుచ్చవ్వ ఆ ఒక్క ముక్క అని, కాగితం దాన్ని టైపు చేసిన యూనివర్సిటీ విద్యార్థిని నవత చేతిలో పెట్టేసింది.

తెలంగాణ ఉద్యమం భగ్గుమంటున్న రోజులు. జైల్లో ఉన్న కొడుకు గురించి బుచ్చవ్వ, "నా కొడుకు గీడ సదువనీకి అచ్చిండు, లాఠీ దెబ్బలు తిననీకి గాదు" అంది. కంప్యూటర్లో టైపు చేసే ఎడిటర్ ప్రోగ్రాము ఆ మాటను దానంతటదే 'ఇక్కడ చదవడానికి వచ్చాడు' అని దిద్ది పారేసింది. తొందరలో చూసుకోకుండా అచ్చుకిచ్చింది నవతే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తల్లి ఏడుపుకు కూడా వ్యాకరణం నేర్పుతుందా ఈ దిక్కుమాలిన యంత్రం?

మర్నాడే క్యాంపస్‌లో సభ. ఆలోగా కరపత్రం మళ్లీ వెయ్యాలి.

విరుగుడు ఉంది. 'పాలపిట్ట' పేరుతో ఎవరో ఒక ప్యాచ్ రాసి నెట్‌లో పెట్టారు. ప్రోగ్రాములో ఏ వరుస తీసి ఏ వరుస పెట్టాలో చెప్పే చిన్న ఫైలు అది. దాన్ని సోర్సుకు, అంటే ఎడిటర్ అసలు రాతకు, అతికించి మనమే కంపైల్ చేసి కొత్త ఎడిటర్ తయారు చేసుకుంటే, ఇక తెలంగాణ మాటల జోలికి రాదు.

బంద్ మూలాన క్యాంపస్‌లో నెట్ తీసేశారు. లాప్‌టాప్ పట్టుకుని తార్నాకలో ఇన్నయ్య నెట్ సెంటరుకు పోయింది. సరికొత్త సోర్సు దింపి ప్యాచ్ వేసింది.

ఫెయిల్. మళ్లీ వేసింది. మళ్లీ ఫెయిల్.

పాలపిట్టకే మెయిల్ కొట్టింది.

"అన్నా, నీ ప్యాచ్ అతుకుతలేదు. తార్నాకల ఇన్నయ్య నెట్ సెంటర్ల కూసున్న. నువ్వే దిక్కు. నవత."

చాలాసేపటికి వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"పాత సోర్సు మీద వెయ్యండమ్మా. కొత్తదాంట్లో వరుసలు జరిగిపోయాయి."

అచ్చమైన కోస్తా యాస. తిరిగి చూస్తే, చెమటకు తడిసిన చొక్కాతో ఒక పెద్దాయన.

"నిన్ను అడిగిన్నా?"

"అది కాదమ్మా. నా సర్వీసంతా జనగామ బడిలోనే..."

"మా కొలువులు తిన్నది చాలక మా మాటలు గూడ దిద్దుతవా? మీరు దిద్దవట్టే మాకు గీ గతి! నడువ్ బయటికి!"

సెంటర్లో కుర్రాళ్లంతా లేచారు. ఒకడు ఆయన కాలర్ పట్టుకున్నాడు. నవత వద్దనలేదు.

"పాత సోర్సు..." అని మరోసారి మెల్లగా అని, ఆయన మెట్లు దిగిపోయాడు.

పాలపిట్ట నుంచి జవాబు లేదు. పొద్దు వాలుతోంది. పళ్లు కొరుక్కుంటూనే పాత సోర్సు దింపింది. ప్యాచ్ ఒక్క దెబ్బకు అతికింది. ఆ ఆంధ్రాయన చెప్పిందే నిజమైందని ఆమెకు ఇంకా మంట.

మర్నాడు సభలో కొత్త కరపత్రం విని బుచ్చవ్వ కళ్లొత్తుకుంది.

"గిప్పుడు నేను మాట్లాడినట్టున్నది."

నవత పొంగిపోయి పాలపిట్టకు రాసింది. "మా అవ్వ మాట నిలబెట్టినవ్ అన్నా. మనది ఏ ఊరు?"

జవాబు రాలేదు. మళ్లీ రాసింది. రాలేదు.

బంద్ ముగిశాక నెట్ సెంటరుకు పోతే ఇన్నయ్య అడిగాడు.

"గా పెద్దమనిషి కలిసిండా అక్కా?"

"ఏ పెద్దమనిషి?"

"గా దినం నేను జెనరేటర్‌కు డీజిల్ తేనీకి పోతుంటె మెట్లకాడ ఎదురొచ్చిండు. నవత ఎక్కడమ్మా కూర్చుందని నన్నే అమ్మా అన్నడు, గంత ఆయాసం. ఆటోలు లేవని మల్కాజ్‌గిరి నుంచి నడుసుకుంట వచ్చిండట."

"పేరేంది?"

"అడిగితె నవ్విండక్కా. 'పాలపిట్ట వచ్చాడని చెప్పు, చాలు' అన్నడు."