నక్క తోక మీది మరక

"మళ్లీ వచ్చింది!" యెర్నేయ్ కేక పెట్టాడు.

పాత బొమ్మలు బాగుచేసే మెత్కా సంచీ గడ్డిలో పెట్టి వంగి చూసింది. కొట్టంలో మూడు వరసలుగా పేర్చిన నలభై తేనెపెట్టెలు. ఒక్కోదాని ముందుపలక మీద ఒక్కో బొమ్మ. నడిమి వరసలో, వేటగాడికి గడ్డం గీస్తున్న నక్క తోక మీద, బఠానీగింజంత యాక్రిలిక్ రంగు ఉబ్బెత్తుగా ఎండిపోయింది. మొన్న నీలం తీసింది. నిన్న పసుపు. ఇవాళ ఎరుపు. చోటు మాత్రం మారలేదు.

"మా తాత వేసిన బొమ్మ. పాత పలకల పోటీకి ఆదివారమే వస్తారు చూడ్డానికి. మరక కనిపిస్తే పక్కన పెట్టేస్తారు," అన్నాడు యెర్నేయ్.

"ఎవరి పనంటావ్ బాబాయ్?"

"ఇంకెవడు, ఆ పక్కింటి గాష్పెర్! కళ్లు ఆనడం లేదని వాణ్ణి తేనెటీగల దగ్గరికి రానివ్వకుండా చేసింది నేనేగా. వాడు తన పెట్టెలు వదులుకోవాల్సొచ్చింది. ఆ కసి!"

"కళ్లు ఆననివాడు రోజూ అదే తోక మీద ఎలా పెడతాడు?"

యెర్నేయ్ బుర్ర గోక్కున్నాడు. "ఏమో. పక్కకి నిలబడి చెయ్యి. ఆ పెట్టెలో ఈగలు మహా కోపిష్టివి."

చలికి ఈగలింకా లేవలేదు. మెత్కా స్పిరిట్‌లో ముంచిన దూది కాసేపు అద్ది, మెత్తబడ్డ రంగును చెక్కపుల్లతో పొరలా ఎత్తింది. కింద పాత రంగు చెక్కుచెదరలేదు.

యెర్నేయ్ భార్య పొలోనా కాఫీ, అక్రోటు రొట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది.

"ఆ నీలం మరక పోయిందా అమ్మా?"

"పోయింది పిన్నీ," అంది మెత్కా, ఎర్రబడ్డ దూది మడిచేస్తూ. "చెయ్యేంటి, అంత వాచింది?"

"కుట్టాయిలే నిన్న."

"ఆ నక్క పెట్టె గుమ్మం ఊడవొద్దని నలభై ఏళ్లుగా మొత్తుకుంటున్నా!" యెర్నేయ్ విసుక్కున్నాడు. "ఇన్నేళ్లు కుట్టనివి ఇప్పుడే ఎందుకు కుట్టాయి?"

పొలోనా నవ్వేసి చీపురు అందుకుంది. చచ్చి రాలిన ఈగల్ని పెట్టెల గుమ్మాల మీంచి ఊడ్చడం రోజూ ఆమె పనే. ఎడమచెయ్యి పలకల మీదుగా జారుతూ నక్క దాకా వచ్చి ఆగింది. వేళ్లు తోకను తడిమాయి. మళ్లీ తడిమాయి. చీపురు గాల్లోనే ఉండిపోయింది.

మెత్కా ఆ వేళ్లకేసి చూసింది. అరుగు మీద, పెట్టెలకు వేసే రంగుల డబ్బాలోంచి చేతికందిన రంగుగొట్టం తీసి, నక్క తోక మీద బఠానీగింజంత పిండింది.

"ఏయ్! పిచ్చిపట్టిందా నీకు?" యెర్నేయ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇది ఇక పోదు బాబాయ్. పోటీ సంగతి మర్చిపో."

"పోకపోవడమేంటి? నా కళ్లముందే తీశావుగా!"

మెత్కా సంచీ భుజాన వేసుకుంది. కోపిష్టి పెట్టె ఏదో తెలియాలంటే ఆ తడిమే వేళ్లకు ఆ మరక కావాలి.

పొలోనాకు చూపు పోయింది.