నోరు తెరిచిన అల్లుడు

“టోపీకా? ఇన్నాళ్లూ నాకు పెట్టింది చాలక ఇంకో టోపీనా?” అత్తగారు ఇంతెత్తున లేచింది.

“టోపీ కాదమ్మా, ఓపీ! కాస్త ఓపిక పట్టి విను,” అంది కూతురు. “జైలునుంచి వచ్చినవాళ్లకి మందులిచ్చే క్లినిక్. వారం వారం ఆయన వెళ్లి చూపించుకోవాలి.”

“నేనూ వస్తా. మీ ఆయన నన్ను వెక్కిరిస్తున్న సంగతి అక్కడే తేల్చుకుంటా. తర్వాత సంచి సర్దుకోమను.”

అల్లుడు జైలునుంచి బయటికొచ్చి మూడు రోజులు. ఉండడానికో ఇల్లు, చూపించుకోవడానికో క్లినిక్ ఉంటేనే బయట ఉండనిస్తామని షరతు పెట్టి వదిలారు. ఇల్లు అత్తగారిది. ఆవిడ పొమ్మంటే మళ్లీ లోపలికే.

క్లినిక్‌లో నర్సమ్మ కుర్చీ చూపించేలోగానే ఆవిడ అందుకుంది.

“పొద్దునా సాయంత్రం నా ఎదురుగా నిలబడి, నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి చూపిస్తాడమ్మా! వేళాకోళానికి నేనేమన్నా మరదలినా? పిల్లనిచ్చిన అత్తని!”

“మాత్ర వేసుకున్నాకేనా?” అంది నర్సమ్మ.

“అవును. నీకెలా తెలుసు?”

“జైల్లో మాత్ర మింగాక అలా వార్డరుకి చూపించాలి పెద్దమ్మా. దాచలేదని రుజువు.”

“ఆరేళ్ల అలవాటండీ,” అన్నాడు అల్లుడు నేలచూపులు చూస్తూ. “మింగగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఇంటికి పెద్ద కదా అని అత్తయ్యగారి ముందు నిలబడుతున్నాను.”

అల్లుడి నోరు ఎందుకు తెరుచుకుందో తెలిశాక అత్తగారి నోరు మూతపడింది. ఆ ఇంటి చరిత్రలో అదే మొదటిసారి.

“నన్ను వార్డర్ని చేశావన్నమాట,” అంది చివరికి, గొంతు తగ్గించి. “సరేలే. సంచి సర్దక్కర్లేదు.”

అల్లుడు రెండు చేతులూ జోడించాడు. కళ్లు తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేకపోయింది.

“ఎలాగూ వచ్చారుగా,” అని నర్సమ్మ ఆవిడ చేతికి బీపీ పట్టీ చుట్టి, అంకె చూసి కంగారుపడింది. “ఇంతుందేంటి పెద్దమ్మా! మందులు వాడట్లేదా?”

“ఆర్నెల్లుగా నా చేత్తో నేనే ఇస్తున్నానండీ. దిగనే దిగదు,” అంది కూతురు.

“అరుపులకి పెరిగుంటుంది. ఇవాళ్టిది ఇదిగో, మీ ఎదురుగానే వేసుకుంటున్నా,” అని అత్తగారు సంచీలోంచి మాత్ర తీసి నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్లు తాగింది.

“మీరు నాకు ఇల్లిచ్చారు. నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి అత్తయ్యగారూ,” అన్నాడు అల్లుడు, ఆవిడ ముందుకొచ్చి నిలబడి. “ఒక్కసారి నాలుక ఎత్తండి.”

మాత్ర అక్కడే ఉంది.