దిగని తొట్టి

రెంజల్‌లో చెరకు చేను బావి తవ్వుతూ లింబయ్య అడుగున ఉన్నాడు. పైన క్రేన్ నడిపేది భార్య రేణుకమ్మ. మట్టి తొట్టి పైకి పోయింది. మళ్లీ దిగలేదు.

ఊట నీళ్లు మోకాళ్లు దాటాయి.

"ఏమే, తొట్టి దించవేందే?"

"దించ. పొద్దుగాల నీ దోస్తుల ముంగట నా కూరను గడ్డి అన్నవ్ గదా?"

"తప్పయిందే!"

"ఇనొస్తలేదు."

నీళ్లు నడుము దాకా వచ్చాయి. లింబయ్య పాత తప్పులన్నీ ఒప్పుకున్నాడు. చేయనివి కూడా రెండు కలిపాడు.

ఛాతీ తడిశాక తొట్టి దిగింది. పైకి వస్తూనే తిట్టబోయి ఆగాడు.

క్రేన్‌కు అప్పటికప్పుడు బోధన్ నుంచి తెప్పించిన కొత్త ఇనుప తాడు బిగించి ఉంది. పక్కన పాతది చుట్టగా పడి ఉంది. కొత్తదానిలా మెరవాలని నిన్న తానే దానికి దట్టంగా గ్రీజు పూశాడు. రేణుకమ్మ ఆ గ్రీజు తుడిచిన గుడ్డ, తెగిన తీగలకు చిక్కి పీలికలైంది.

"ముందే చెప్పొద్దానే?"

"చెప్తే ఆగుతుంటివా? బావి దరి పట్టుకొని ఎక్కుతుంటివి. అది కూలుతుండె."

"అయితే కూర మీద కోపం ఉత్తదేనా?"

"గది నిజమే. తాడు మార్చిన గని, కూర గదే ఉంది. నడువు, తిందువు."